మా ఐటీ సర్వీసెస్ కంపెనీని ఒక టెక్నాలజీ కంపెనీ కొంటోంది. ఉండాలా, వేరేది చూసుకోవాలా?

ప్రశ్న అడిగినాయన వివరాలు ముందు చెప్పేస్తాను, లేకపోతే కింద రాసింది అర్థం కాదు. బెంగళూరులో ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో నాలుగున్నరేళ్ల సర్వీసు. సర్వర్లు, సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక అమెరికన్ టెక్నాలజీ కంపెనీ వాళ్లని కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. సర్జాపూర్ రోడ్డులో ఫ్లాటు, దాని మీద లోను. టీమ్‌లో సగం మంది అప్పుడే ఉద్యోగాల సైటు నౌకరీలో ప్రొఫైల్ అప్‌డేట్ చేసేశారట. "నేనూ దూకేయనా, ఆగనా?" అంటున్నారు.

ఆగండి. గ్రాట్యుటీ కోసమైనా కనీసం ఐదేళ్లు నిండేదాకా ఆగండి, ఎందుకో కింద చెప్తాను. అయితే కొన్నవాడు మిమ్మల్ని చివరిదాకా అట్టిపెట్టుకుంటాడన్న ధీమాతో మాత్రం కాదు. టెక్నాలజీ కంపెనీలు సర్వీసెస్ కంపెనీల్ని కొన్న కథల్లో చాలావాటికి రెండో భాగం ఉంటుంది. కొన్నేళ్లు వాడుకుని మళ్లీ ఎవరికో అమ్మేస్తారు. వైట్‌ఫీల్డ్‌లో ఒకే బిల్డింగులో, దాదాపు ఒకే కుర్చీలో కూర్చుని ఆ రెండు భాగాలూ చూశాను నేను. మా కంపెనీ పేరు రాయను, ఇంకా అక్కడ స్నేహితులున్నారు. పేపర్లలో వచ్చిన పెద్ద డీల్స్ గురించి మాత్రం పేర్లతోనే చెప్తాను, అవి దాచేవి కావు కదా.

2008లో కంప్యూటర్ల కంపెనీ హెచ్‌పీ, ఈడీఎస్ అనే ఐటీ సర్వీసెస్ కంపెనీని దాదాపు 1390 కోట్ల డాలర్లకి కొంది. డీల్ పూర్తయిన నెల తిరక్కుండానే 24,600 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. 2012కి వచ్చేసరికి ఆ సర్వీసెస్ వ్యాపారం విలువలో 800 కోట్ల డాలర్లు పుస్తకాల్లో కొట్టేసింది. 2017లో ఆ వ్యాపారాన్నంతా విడగొట్టి సీఎస్‌సీ అనే ఇంకో సర్వీసెస్ కంపెనీతో కలిపేశారు, అదే ఇప్పటి డీఎక్స్‌సీ. డెల్ 2009లో పెరో సిస్టమ్స్ అనే సర్వీసెస్ కంపెనీని 390 కోట్ల డాలర్లకి కొని, 2016లో ఎన్‌టీటీ డేటాకి 305 కోట్లకి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికి డేటా స్టోరేజీ కంపెనీ ఈఎంసీని కొనడానికి డబ్బు కావాల్సి వచ్చింది మరి. జిరాక్స్ 640 కోట్ల డాలర్లు పెట్టి ఏసీఎస్ అనే సర్వీసెస్ కంపెనీని 2010లో తనలో కలుపుకుంది, 2017 మొదట్లో కాండ్యూయెంట్ అని పేరు పెట్టి బయటికి పంపింది. ఈడీఎస్‌నీ పెరో సిస్టమ్స్‌నీ పెట్టింది ఒకే మనిషి, రాస్ పెరో. ఆయన పెట్టిన రెండు కంపెనీలూ ఏడాది తేడాలో కంప్యూటర్లు తయారుచేసేవాళ్ల చేతికి వెళ్లి, ఏడాది తేడాలోనే బయటికి వచ్చేశాయి.

మన ఊరికి దగ్గరి కథ బెంగళూరు ఐటీ కంపెనీ ఎంఫసిస్‌ది. 2006లో ఈడీఎస్ అందులో మెజారిటీ వాటా కొంది. ఈడీఎస్‌ని హెచ్‌పీ కొనడంతో ఇదీ హెచ్‌పీ గూటికి చేరింది. 2016లో హెచ్‌పీఈ, అంటే హెచ్‌పీ నుంచి విడిపోయిన సర్వర్లు, సర్వీసెస్ కంపెనీ, ఆ వాటాని బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మేసింది. పదేళ్లలో ముగ్గురు పెద్ద యజమానులు. అయినా ఎంఫసిస్ ఇక్కడి స్టాక్ మార్కెట్లో విడిగా లిస్టయి ఉంది కాబట్టి ఆ పేరు చెక్కుచెదరలేదు. అమ్మేటప్పుడు హెచ్‌పీఈ ఐదేళ్లలో కనీసం 99 కోట్ల డాలర్ల పని ఇస్తామని ఒప్పందం రాసిచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఎందుకిలా జరుగుతుంది? ప్రెస్ రిలీజులో ఎప్పుడూ "ఎండ్ టు ఎండ్ సొల్యూషన్స్" అనే ఉంటుంది. డబ్బు లెక్క మాత్రం వేరు. ప్రొడక్ట్ కంపెనీకి లైసెన్సు ఒకసారి తయారైతే పదివేల మందికి అమ్మినా ఖర్చు పెద్దగా పెరగదు. మనది అలా కాదు. పది మంది పని కావాలంటే పది మంది జీతాలు. మన మార్జిన్ అంతా యుటిలైజేషన్‌లో (ఎంతమంది పనికి క్లయింటు డబ్బు కడుతున్నాడన్నది), బెంచ్ (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉన్నవాళ్లు) ఎంత తక్కువుందన్న దాంట్లో, ఆన్‌సైట్‌లో అంటే క్లయింటు దేశంలో ఎందరు, ఆఫ్‌షోర్‌లో అంటే ఇక్కడ ఎందరు అన్న నిష్పత్తిలో ఉంటుంది. ఈ రెండు లెక్కల్నీ ఒకే బోర్డు మీటింగులో పక్కపక్కన పెడితే మనది ప్రతి క్వార్టరూ సన్నగానే కనపడుతుంది.

ఇంకోటి, మాకు ప్రత్యక్షంగా తగిలింది. డీల్ అయిన రెండో ఏడు మా ప్రాజెక్టు ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డులో రెడ్‌లోకి వెళ్లింది. పని మామూలుగానే నడుస్తోంది, క్లయింటు సంతోషంగానే ఉన్నాడు. ఏమైందయ్యా అని తవ్వితే బయటపడింది. కొత్త యజమాని వైపు సేల్స్‌వాళ్లు అదే క్లయింటుకి మూడేళ్ల హార్డ్‌వేర్ ఆర్డర్ పట్టడం కోసం మా మైగ్రేషన్ పనిని డిస్కౌంటు కింద రాసిచ్చేశారు. హార్డ్‌వేర్ లాభం వాళ్ల పద్దులో పడింది. మేం రాత్రిళ్లు కూర్చుని చేసిన గంటలు మా పద్దులో ఖర్చుగా మిగిలాయి. అప్రైజల్లో మా డెలివరీ మేనేజరుని అడిగిన మొదటి ప్రశ్న, "మార్జిన్ ఎందుకు పడిపోయింది?" ఆయన కోయంబత్తూరు ఆయన, నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం రెండు కాఫీలు తాగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

పైగా క్లయింట్లకీ అనుమానం వస్తుంది. నిన్నటిదాకా "మీకు ఏ కంపెనీ సర్వర్ బాగుంటుందో మేం నిజాయితీగా చెప్తాం" అన్న సర్వీసెస్ కంపెనీ, ఇవాళ ఓ సర్వర్ల కంపెనీ సొత్తు. నెయ్యి వ్యాపారి హోటల్ కొన్నట్టే అయింది. ఇక ఆ హోటల్లో వేరేవాళ్ల నెయ్యి వాడతారంటే ఎవరు నమ్ముతారు? మిగతా నెయ్యి వ్యాపారులూ ఆ హోటల్‌కి పార్టీలు పంపడం మానేస్తారు. మాకు అంతకుముందు పార్టనర్లుగా ఉన్న రెండు ప్రొడక్ట్ కంపెనీలు ఏ గొడవా లేకుండా, మర్యాదగానే, లీడ్స్ (కొత్త క్లయింట్ల కబుర్లు) ఇవ్వడం ఆపేశాయి.

అయితే అందరూ అనుకున్నట్టు కొన్న వెంటనే బెంగళూరు ఖాళీ అవ్వదు. హెచ్‌పీ ఆ 24,600 ప్రకటించినప్పుడు దాదాపు సగం కోత అమెరికాలోనే అంది, తీసేసిన వాటిలో సుమారు సగం స్థానాల్ని మళ్లీ నింపుతామని కూడా చెప్పింది. అంటే మనిషి ఎక్కడ కూర్చుని పనిచేస్తాడన్న లెక్క మారుతోందన్నమాట. మా దగ్గరా అంతే. మొదటి విడతలో పోయినవి ఎక్కువగా హెచ్‌ఆర్, ఫైనాన్స్, ఇంటర్నల్ ఐటీ, ట్రావెల్ డెస్క్. ఒకే పనికి రెండు డిపార్ట్‌మెంట్లు అక్కర్లేదు కదా. బిల్లింగ్‌లో ఉన్న, అంటే క్లయింటు డబ్బు కట్టే పనిలో ఉన్న ఇంజనీర్ని ఏడాదిపాటు ఎవడూ కదపలేదు. మీరు డెలివరీలో, బిల్లబుల్‌గా ఉంటే ఈ ఏడాది నిద్రపోవచ్చు. సపోర్ట్ ఫంక్షన్‌లో ఉంటే మాత్రం పైన నేను "ఆగండి" అన్నది మీకు కాదు, ఇవాళే వెతకడం మొదలుపెట్టండి.

ప్రకటనకీ డీల్ పూర్తవడానికీ మధ్య కొన్ని నెలలు పడుతుంది. ఆ మధ్యలో టౌన్‌హాల్‌లో ఏం అడిగినా "బిజినెస్ యాజ్ యూజువల్" అనే చెప్తారు. మనవాళ్లకి ఒళ్లు మండుతుంది. కానీ అందులో కొంత చట్టపరమైన కట్టుబాటు కూడా ఉంది. కాంపిటీషన్ కమిషన్ లాంటివాళ్ల అనుమతులు వచ్చేదాకా రెండు కంపెనీలూ విడివిడిగానే నడవాలి, ధరలూ క్లయింట్ల వివరాలూ కలిపి చూసుకోకూడదు. కాబట్టి ఆ టైములో హెచ్‌ఆర్‌ని పీక్కుతినడం వృథా. దానికంటే మీ ప్రాజెక్టు ఎస్‌ఓడబ్ల్యూ (క్లయింటుతో రాసుకున్న పని ఒప్పందం) ఎప్పుడు ముగుస్తుందో కనుక్కోండి. క్లయింటు ఒప్పందాల్లో చాలావాటిలో "యజమాని మారితే మేం తప్పుకోవచ్చు" అనే క్లాజు ఉంటుంది. మీ క్లయింటు మీ కొత్త యజమానికి పోటీదారు అయినా, ఆ పోటీదారుడి పరికరాలతో నిండిన డేటా సెంటర్ నడిపేవాడైనా, రెన్యూవల్ నాటికి ఏదో ఒకటి జరుగుతుంది. మీ ఉద్యోగం ఎంత గట్టిదో ఆ రెన్యూవల్ తేదీ చెప్పినంత సూటిగా సీఈఓ గారి మెయిల్ చెప్పదు. అమ్మేటప్పుడు కూడా ఇదే లెక్క. ఎంఫసిస్‌ని అమ్మినప్పుడు ఐదేళ్ల పనికి గ్యారంటీ ఇచ్చారని చెప్పాను కదా, అలాంటి గ్యారంటీ ఉన్న చోట జనం స్థిమితంగా ఉంటారు. మిమ్మల్ని రేపు మళ్లీ అమ్మితే మొదట వెతకాల్సింది ఆ వాక్యమే.

తర్వాత గ్రేడ్ మ్యాపింగ్, అంటే మీ పాత హోదాని కొత్త కంపెనీ లెవెల్స్‌లో ఎక్కడో చోట కూర్చోబెట్టడం. దీనికి మానసికంగా సిద్ధమవ్వండి. సర్వీసెస్ కంపెనీల్లో హోదాలు ఉదారంగా ఇస్తారు, జీతం పెంచలేనప్పుడు విజిటింగ్ కార్డు పెంచుతారు. టెక్నాలజీ కంపెనీలో లెవెల్స్ బిగుతుగా ఉంటాయి. మా టీమ్‌లో కావలి అబ్బాయి ఒకడు ప్రాజెక్ట్ మేనేజర్. మ్యాపింగ్ ఎక్సెల్ షీట్ తెరిస్తే వాడి పేరు పక్కన "కన్సల్టెంట్ 2" అని ఉంది. జీతం పైసా తగ్గలేదు. కానీ అదే నెలలో వాడికి సంబంధం చూస్తున్నారు, అటువాళ్లకి "అబ్బాయి మేనేజరు" అని చెప్పి ఉన్నారు. "కన్సల్టెంట్ అంటే పర్మనెంటు కాదా నాయనా?" అని పిల్ల మేనమామ ఫోన్ చేశాడు. వాడు మళ్లీ మా మేనేజర్ చేత ఆయనకి ఫోన్ చేయించాడు. పెళ్లయింది లెండి. నవ్వులాటలా ఉంది గానీ, తర్వాత బయట ఇంటర్వ్యూలకి వెళ్లినప్పుడు ఈ హోదా నిజంగానే అడ్డం పడుతుంది. అందుకని పాత హోదా ఉన్న ప్రమోషన్ లెటరు, అప్రైజల్ లెటర్లు కంపెనీ లాప్‌టాప్‌లోనో పాత పోర్టల్లోనో వదిలేయకుండా ఇప్పుడే వ్యక్తిగతంగా దాచుకోండి. పోర్టల్ ఒకరోజు ఆగిపోతుంది, చెప్పి ఆగదు. పే స్లిప్పులు, ఫారం 16లు కూడా అంతే. క్లయింటు డాక్యుమెంట్లు మాత్రం ముట్టుకోవద్దు, అది వేరే తలనొప్పి.

అప్రైజల్ సైకిల్ మారడం వల్ల పోయే డబ్బు ఎవరూ చెప్పరు. మా హైకు, అంటే జీతం పెంపు, ఏప్రిల్లో వచ్చేది. కొత్త యజమాని ఆర్థిక సంవత్సరం నవంబర్లో మొదలవుతుంది, దానికి తగ్గట్టు మా హైకు సంవత్సరం చివరికి జరిగింది. మధ్య నెలలకి ప్రొరేటా ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. కాకపోతే పెరిగిన జీతం మీద పెరగాల్సిన పీఎఫ్, వేరియబుల్ పే అన్నీ ఆ మేరకు వెనకబడ్డాయి.

ఇక అసలు విషయం, మీ ఐదేళ్లు. డీల్ రెండు రకాలుగా జరగొచ్చు. మీ కంపెనీ షేర్లు కొంటే యజమాని మారతాడు గానీ మీకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ అదే. కొత్త ఆఫర్ లెటరు కూడా అక్కర్లేదు, గ్రాట్యుటీ, పీఎఫ్, సెలవులు ఏవీ కదలవు. అలా కాక వ్యాపారాన్ని విడదీసి బదిలీ చేస్తే, స్లంప్ సేల్ అంటారు, మీకు కొత్త కంపెనీ నుంచి అపాయింట్‌మెంట్ లెటర్ వస్తుంది. కొన్నిచోట్ల పాత కంపెనీకి రాజీనామా చేసినట్టు ఒక కాగితం కూడా పక్కనే పెట్టి సంతకం పెట్టమంటారు. అక్కడ ఆగండి. కొత్త లెటర్లో "కంటిన్యుటీ ఆఫ్ సర్వీస్" అని, మీరు మొదట చేరిన తేదీనే సర్వీస్ ప్రారంభంగా లెక్కిస్తామని, జీతభత్యాలు ఇప్పటికంటే తగ్గవని రాసి ఉండాలి. హెచ్‌ఆర్ అమ్మాయి "అదంతా ఆటోమేటిక్ సార్" అంటుంది. ఆటోమేటిక్ అయితే రాయడానికి ఇబ్బందేముంది? మా రెండో బదిలీలో ఆ వాక్యం మొదటి డ్రాఫ్టులో లేదు. నలుగురం కలిసి మెయిల్ పెట్టాక అందరి లెటర్లూ మార్చి పంపారు.

దీనికి ఎందుకింత పట్టు అంటే, గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం, రావాలంటే చట్టం ప్రకారం రెగ్యులర్ ఉద్యోగికి ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకి ఏడాదికే అర్హత వచ్చింది, రెగ్యులర్ వాళ్లకి మాత్రం ఐదేళ్లే. లెక్క ఏమిటంటే, చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా బేసిక్, డీఏ) 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదిది వస్తుంది. ఆ వేతనం 50,000 అనుకుంటే ఐదేళ్లకి దాదాపు 1,44,000 రూపాయలు. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలునని ఇచ్చే కంపెనీలున్నాయి, పూర్తి ఐదేళ్లు కావాల్సిందేననేవీ ఉన్నాయి. మీ కంపెనీ ఏది పాటిస్తుందో మెయిల్లో అడిగి పెట్టుకోండి. ఇప్పుడు కోపంతో దూకితే ఈ లక్షన్నర వదిలేసుకున్నట్టే. మీ లోనుకి అది కొన్ని ఈఎంఐలు.

పీఎఫ్ విషయంలో యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా మారని పీఎఫ్ నంబరు) ఒకటే ఉన్నా కొత్త ఎస్టాబ్లిష్‌మెంట్ కింద కొత్త మెంబర్ ఐడీ వస్తే పాత బ్యాలెన్సు బదిలీ చేయించుకోవాలి. పాతవాళ్లు డేట్ ఆఫ్ ఎగ్జిట్ ఎక్కించకపోతే అక్కడే ఆగిపోతుంది. చివరి జమ అయిన రెండు నెలల తర్వాత ఆ తేదీ మీరే పోర్టల్లో పెట్టుకోవచ్చు. మీ కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్టు ఉంటే ఇంకొంచెం ఎక్కువ తిరగాల్సి వస్తుంది. తొందరపడి విత్‌డ్రా చేయొద్దు, ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. బదిలీ చేస్తే పాత సర్వీసు కూడా కలిసొస్తుంది. ఆర్థిక సంవత్సరం మధ్యలో కంపెనీ మారితే పాత జీతం, కోసిన పన్ను వివరాలు కొత్తవాళ్లకి ఇవ్వండి, లేకపోతే మార్చి తర్వాత రిటర్న్ వేసేటప్పుడు మిగిలిన పన్ను ఒకేసారి కట్టాల్సి వస్తుంది.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట, ముఖ్యంగా ఊళ్లో అమ్మానాన్నల్ని కంపెనీ పాలసీలో పెట్టుకున్నవాళ్లకి. మా పాత కంపెనీ తల్లిదండ్రుల కవర్ ఉచితంగా ఇచ్చేది. కొత్తది ప్రీమియం మన చేతే కట్టించింది, పైగా బిల్లులో 20 శాతం మనమే పెట్టుకోవాలి. మా అమ్మకి ప్రొద్దుటూరులో మోకాలి ఆపరేషన్ చెప్పి ఉన్నారు, "ఎండలు తగ్గాక చూద్దాంలే" అంటూ వాయిదా వేస్తోంది. పాలసీ మారుతోందని తెలియగానే శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి వెళ్లి, ఒప్పించి, బెంగళూరు తీసుకొచ్చి పాత పాలసీ మీదే చేయించేశాను. మీ ఇంట్లో కూడా ఎప్పటినుంచో అనుకుంటున్న కాటరాక్టో, హెర్నియానో ఉంటే పాలసీ మారే తేదీ కనుక్కోండి. కొత్త పాలసీలో పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ తీసేశారో లేదో రాతపూర్వకంగా అడగండి.

రిటెన్షన్ బోనస్, అంటే వెళ్లిపోకుండా ఉండటానికి ఇచ్చే డబ్బు, ఇస్తే తీసుకోండి, అయితే ముందే వెళ్తే ఎంత వెనక్కివ్వాలో చదివాక సంతకం పెట్టండి. పన్ను కోసుకుని చేతికిచ్చి, వెనక్కి అడిగేటప్పుడు మొత్తం అడిగేవాళ్లున్నారు. అమెరికన్ కంపెనీ షేర్లు ఇస్తే అవి మీ చేతికొచ్చిన రోజే జీతం కింద పన్ను పడుతుంది, రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. సంతకాలు పెట్టించే కాగితాల్లో "వెళ్లాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదు" అని ఉంటే దానికి మాత్రం బెదరక్కర్లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగం వదిలాక అలాంటి షరతు చెల్లదు. క్లయింటు రహస్యాలు, మనుషుల్ని లాక్కెళ్లడం సంగతి వేరు.

మీకు నేను చెప్పేది ఇంతే. ఐదేళ్లు దాటనివ్వండి. ఈలోగా మీ ఎస్‌ఓడబ్ల్యూ తేదీ తెలుసుకోండి, కాగితాలు దాచుకోండి. ఐదేళ్లు నిండాక కూడా డీల్ ముగిసి ఓ మూడు నాలుగు నెలలయ్యేదాకా చూడండి, ఎందుకంటే ప్రకటన వచ్చిన వారంలో మీ కంపెనీ రెజ్యూమేలు ఔటర్ రింగ్ రోడ్డు మీదున్న ప్రతి రిక్రూటర్ దగ్గరా కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. "వాళ్లెలాగూ భయపడి వచ్చేవాళ్లే" అని హైకు తగ్గించి మాట్లాడతారు. ఆ రద్దీ తగ్గాక అదే అనుభవానికి మంచి రేటు పలుకుతుంది. నోటీసు పీరియడ్ 90 రోజులైతే కొత్త లెటర్లో దాన్ని 60కి తగ్గించమని సంతకానికి ముందే అడిగి చూడండి. మా బ్యాచ్‌లో అడిగినవాళ్లందరికీ తగ్గించారు, అడగనివాళ్లకి 90 అలాగే ఉండిపోయింది.